కొట్టలోస్ తల్లి చెప్పిన లెక్క

బడి గుమ్మంలో కొడుకు రెక్క పట్టుకుని నిలబడిన ఆ తల్లి పేరు మెత్రోతిమె. కొడుకు కొట్టలోస్. పంతులు లాంప్రిస్కోస్. ఆమె వచ్చిన పని ఒక్కటే. వీణ్ణి భుజానికెత్తించి, ప్రాణం పెదవుల మీదికి వచ్చేదాకా కొట్టమని పంతుల్ని అడగాలి. ఎందుకు కొట్టాలో కూడా ఆమే చెబుతుంది, గుక్క తిప్పుకోకుండా. పిల్లాడు ఇల్లు దోచేశాడు. రాగి నాణేలతో జూదమాడి ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. గొర్రె ఎముకలతో ఆడే ఆట వాడికి చాలడం లేదు, డబ్బులాట కావాల్సి వచ్చింది. పంతులుగారి తలుపు ఎక్కడుందో అడిగితే తడుముకుంటాడు. మూటలు మోసేవాళ్లూ, యజమానుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన బానిసలూ చేరే జూదపు చావిడి ఎక్కడుందో అడిగితే మాత్రం పరాయివాళ్లకు కూడా దారి చూపించగలడు.

ఈ ముగ్గురూ నిజంగా బతికిన మనుషులు కారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో హెరోదాస్ అనే గ్రీకు కవి రాసిన పొట్టి నాటికలో పాత్రలు. నాటిక మొత్తం వంద పంక్తులు కూడా లేదు. ఆయన రాసిన ఇలాంటి నాటికలు చాలా శతాబ్దాలు ఎవరికీ కనబడకుండా పోయాయి. పాత వ్యాకరణవేత్తలు ఉదాహరణగా ఎత్తి చూపిన కొద్ది పంక్తులు తప్ప ఏమీ మిగల్లేదనుకున్నారు. 1889లో బ్రిటిష్ మ్యూజియం ఈజిప్టు నుంచి ఒక పపైరస్ చుట్ట సంపాదించింది. అందులో హెరోదాస్ ఉన్నాడు. ఫ్రెడరిక్ కెన్యన్ అనే పండితుడు దాన్ని చదివి 1891లో అచ్చు వేశాడు. అదే ఏడాది అదే పండితుడు మరో పపైరస్‌ను కూడా అచ్చు వేశాడు. అది అరిస్టాటిల్ పేరు మీదున్న ఎథెన్స్ రాజ్యాంగ చరిత్ర. దాన్ని రాసింది ఒక వ్యవసాయ క్షేత్రం జమాఖర్చుల కాగితాల వెనకవైపున. ఆ పుస్తకంతో మనకు మళ్లీ పని పడుతుంది.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. గ్రీసు పాఠం ప్రతి ఏడూ చెప్పేదాన్ని. పాఠంలో మారథాన్ ఉండేది, పెరిక్లీస్ ఉండేవాడు, సోక్రటీసు విషం తాగడం ఉండేది. గ్రీకు ఇల్లు ఉండేది కాదు. ఆ ఇంట్లో పొద్దున లేచి ఎవరు ఏం చేశారో, పిల్లాడు డబ్బులు ఎత్తుకుపోతే అమ్మ ఏమందో, ముసలావిడ ఏం చేసిందో ఎక్కడా ఉండేది కాదు. హెరోదాస్‌ను ఇంగ్లీషు అనువాదంలో చదివినప్పుడు, ఇన్నేళ్లూ నేను చెప్పిన గ్రీసులో మనుషుల్లేరనిపించింది. అందుకే ఈ వ్యాసం.

కొట్టలోస్ ఇంట్లో ఎవరెవరున్నారో తల్లి మాటల్లోనే తెలుస్తుంది. తండ్రి వయసు మళ్లినవాడు. చెవులు సరిగ్గా వినపడవు, కళ్లూ ఆనవు. అయినా కొడుకును కూర్చోబెట్టుకుని అక్షరాలు కూడబలికిస్తాడు. ఒక పేరు చెబితే వాడు ఇంకో పేరు రాస్తాడు. అవ్వ ఒకావిడ ఉంది, చదువు రాదు, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇంట్లో గట్టిగా ఒక మాట అంటే చాలు, కొట్టలోస్ మూడు రోజులు గడప తొక్కడు. అవ్వ దగ్గరికి పోయి, ఆవిడకున్న కాస్తా గుంజుకుంటాడు. లేదంటే ఇంటి కప్పెక్కి కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. కప్పు పెంకులు పటపటా విరుగుతాయి.

నన్ను బాగా ఆపింది ఈ పెంకుల దగ్గరే. వాళ్లది సొంత ఇల్లు కాదు. చాలా కుటుంబాలు కలిసి అద్దెకుండే లోగిలి. చలికాలం దగ్గరపడితే కప్పు బాగుచేయించాలి. విరిగిన ప్రతి పెంకుకూ మెత్రోతిమె లెక్కకట్టి డబ్బివ్వాలి. ఏడుస్తూ ఇస్తానంటుంది. ఇవ్వక తప్పదు, ఎందుకంటే లోగిలంతా ఒక్క గొంతుతో ఇది మెత్రోతిమె కొడుకు కొట్టలోస్ పనే అంటుంది. అది నిజం కూడా. నోరెత్తడానికి లేదు. పెంకు విరగ్గొట్టింది పిల్లాడు, పేరు పోయింది తల్లిది. తండ్రి పేరు ఆ మాటలో రానే రాదు. ఇరుగుపొరుగు వేలు చూపించేది తల్లివైపే. చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్న ఆ ఇల్లాలు తన పరువు గురించి ఒక్క వాక్యం కూడా వేరుగా చెప్పదు. పెంకుల ఖర్చులోనే అదీ కలిసిపోయింది.

బడి ఖర్చు చూడండి. నెల నెలా పలక మీద మైనం పూసేది ఆమే. చెక్క పలకకు మైనం పట్టించి, దాని మీద మొనదేలిన పుల్లతో గీస్తే అక్షరం పడుతుంది. మళ్లీ సాపు చేసి రాసుకోవచ్చు. అలాంటి పలక ఒకటి ఈజిప్టులో దొరికి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, క్రీ.శ. 2వ శతాబ్దానిది. పైన పంతులు రాసిచ్చిన పంక్తులున్నాయి, కింద పిల్లవాడు దిద్దిన పంక్తులున్నాయి. ఆ పిల్లవాడు మొదటి అక్షరం వదిలేశాడు. కొట్టలోస్ పలక అంత దూరం కూడా రాలేదు. మంచం కోడు పక్కన గోడవారగా దిక్కులేనిదానిలా పడి ఉంటుంది. వాడు చేతిలోకి తీసుకున్నా రాయడు, మైనమంతా గీకేస్తాడు. ఆట ఎముకలు మాత్రం సంచుల్లో నిగనిగలాడుతూ ఉంటాయి, రోజూ వాడే నూనె బుడ్డి కంటే ఎక్కువగా.

ఆ ఎముకల గురించి కాస్త చెప్పాలి. గొర్రెల, మేకల వెనక కాళ్ల మడమ దగ్గరుండే చిన్న కీలెముక అది. నేల మీద వేస్తే నాలుగు రకాలుగా పడుతుంది. ఆ నాలుగు ముఖాలకూ 1, 3, 4, 6 అని విలువ. నాలుగు ఎముకలు ఒకేసారి విసిరి, నాలుగూ నాలుగు రకాలుగా పడితే అది అఫ్రొదితె పందెం, అన్నిటికన్నా గొప్పది. అన్నీ ఒకట్లు పడితే కుక్క పందెం. పిల్లలు గచ్చకాయల్లా ఎగరేసి పట్టుకునేవాళ్లు, పెద్దలు పందెం కాసేవాళ్లు. దేవుడికి కానుకగానూ ఇచ్చేవాళ్లు. డెల్ఫీకి ఎగువన పర్నాసస్ కొండ మీదున్న కొరికియన్ గుహలో ఫ్రెంచి తవ్వకందార్లకు ఇవి 20 వేలకు పైగా దొరికాయి. ఈ ఆటలో తగువు వస్తే ఎంత దూరం పోతుందో హోమర్ కాలం నుంచీ గ్రీకులకు తెలుసు. ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన పత్రోక్లోస్ చిన్నప్పుడు ఈ ఎముకలాటలో కోపం వచ్చి తోటి పిల్లాణ్ణి చంపేశాడు. తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని సొంతూరు వదిలి, పరాయి రాజు ఇంట్లో తలదాచుకోవాల్సి వచ్చింది. ఇలియడ్ 23వ భాగంలో పత్రోక్లోస్ ప్రేతం వచ్చి స్నేహితుడికి చెప్పుకునే సంగతుల్లో ఇదొకటి. చచ్చిపోయాక కూడా మరిచిపోలేదు.

మెత్రోతిమెను అన్నిటికంటే భయపెట్టేది నెలాఖరు. ముప్పయ్యో రోజు వచ్చేసరికి పంతులు జీతం అడుగుతాడు. తాను ఎంత ఏడ్చినా ఆ రోజు ఆగదంటుంది. ఆ రోజుల్లో చాలాచోట్ల బడి అంటే పంతులి సొంత వ్యాపారం. నగరం పెట్టిన బడులు అరుదు. ఏజియన్ తీరంలోని మిలేటస్‌లో క్రీ.పూ. 200 ప్రాంతంలో యూడెమోస్ అనే పౌరుడు పిల్లల చదువు కోసం నగరానికి 10 టాలెంట్లు ఇచ్చాడు. ఆ శాసనం దొరికింది. అక్షరాలు చెప్పే పంతుళ్లకు నెలకు 40 ద్రాక్మాలు, వ్యాయామం నేర్పేవాళ్లకు 30 అని అందులో చెక్కి ఉంది. అలాంటి దాత లేని ఊళ్లో మెత్రోతిమె లాంటి తల్లి తన చేతి నుంచి కట్టుకోవాలి. చదివినా చదవకపోయినా కట్టాలి. అరిస్టాటిల్ శిష్యుడు థియొఫ్రాస్టస్ మనుషుల స్వభావాల మీద రాసిన పుస్తకంలో ఒక పీనాసి తండ్రి ఉన్నాడు. పండగలెక్కువగా వచ్చే నెలలో పిల్లల్ని అసలు బడికే పంపడు, ఆ నెల జీతం మిగులుతుందని. కొట్టలోస్‌కూ సెలవుల లెక్క బాగా తెలుసు. నెలలో ఏడో రోజు, ఇరవయ్యో రోజు సెలవన్న సంగతి జ్యోతిష్కుల కంటే వాడికే బాగా తెలుసని తల్లి అంటుంది. ఒక ఇంట్లో అది పిల్లాడి తప్పు, ఇంకో ఇంట్లో తండ్రి తెలివి.

ఇంత కష్టపడి చదివించడం ఎందుకంటే, ముసలితనంలో ఆదుకుంటాడని. ఆమే ఆ మాట అంటుంది. వీణ్ణి గాడిదలు కాయడానికి పెట్టకుండా చదువులో పెట్టిన నేనే తెలివితక్కువదాన్నని తనను తాను తిట్టుకుంటుంది. ఈ ఆశ ఆమె ఒక్కదానిదే కాదు, గ్రీకు ఇల్లంతా దీని మీదే నిలబడింది. ఎథెన్స్‌లో ఇది చట్టం కూడా. తల్లిదండ్రులకు తిండి పెట్టనివాడు, వాళ్లమీద చెయ్యి చేసుకున్నవాడు పౌర హక్కులు పోగొట్టుకునేవాడు. కెన్యన్ అచ్చు వేసిన ఆ ఎథెన్స్ పుస్తకంలో ఉంది చూడండి: ఆర్ఖోన్ అనే పెద్ద అధికారి పదవికి ఎంపికైనవాణ్ణి పదవిలో కూర్చోబెట్టే ముందు పరీక్ష చేసేవాళ్లు. నీ తండ్రి ఎవరు, తల్లి ఎవరు, మీ కుటుంబం సమాధులు ఎక్కడున్నాయి, తల్లిదండ్రుల్ని బాగా చూసుకుంటున్నావా అని అడిగేవాళ్లు. పన్ను కట్టావా, యుద్ధానికి వెళ్లావా అన్న ప్రశ్నలు ఆ తర్వాతే.

ఆ చట్టానికి రెండో వైపు ఉంది. దాన్ని చదివినప్పుడు ఎథెన్స్‌కు చట్టాలు చేసిన సొలోన్ మీద నాకు గౌరవం పెరిగింది. కొడుక్కి ఏ పనీ నేర్పని తండ్రి ముసలితనంలో కొడుకు నుంచి తిండి అడగడానికి వీల్లేదని ఆయన శాసనం చేసినట్టు ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. అంటే బాకీ రెండు వైపులా ఉంది. కొట్టలోస్ ఇంట్లో తల్లి తన వైపు బాకీ పలకతో, మైనంతో, నెల జీతంతో తీరుస్తూనే ఉంది. అందుకే ఆమెకు అంత కోపం. కొడుకు ఎత్తుకుపోయింది ఈ రోజు నాణేలే కాదు, తన ముసలితనం కోసం దాచుకున్న తిండి గింజలు కూడా. ఈ కోపం నాకు అర్థమవుతుంది. మా గుంటూరు జిల్లా బడుల్లో నెత్తిన గడ్డిమోపుతో పొలం నుంచి నేరుగా వచ్చి, నాలుగు తగిలించండి టీచరుగారూ, మేమేమీ అనుకోం అని కొడుకును నా ముందు నిలబెట్టిన తల్లుల కళ్లల్లో చూసింది ఈ కోపమే.

మరి పిల్లాడికి ఈ దొంగబుద్ధి ఎక్కడిది? హెరోదాస్ చెప్పడు. ఆయన కంటే నూట యాభై ఏళ్లు ముందే ఎథెన్స్‌లో ఇంకొకాయన ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాడు. అరిస్టోఫనీస్ రాసిన మేఘాలు నాటకం క్రీ.పూ. 423లో ఆడారు. పోటీలో దానికి ఆఖరి స్థానం దక్కింది. అందులో స్త్రెప్సియాదీస్ అనే పల్లెటూరి రైతుకు గొప్పింటి పిల్లతో పెళ్లయింది. కొడుకు పుట్టగానే పేరు దగ్గరే గొడవ. తండ్రి తన నాన్న పేరు పెట్టాలన్నాడు, మనవాళ్లు తాతపేరు పెట్టుకున్నట్టే. తల్లి గుర్రం అన్న మాట కలిసేలా షోకైన పేరు కావాలంది. చివరికి రెండూ అతికించి ఫెయిదిప్పిదీస్ అన్నారు. పిల్లాడికి గుర్రాల పిచ్చి పట్టింది. గుర్రానికి 12 మినాలు అప్పు, రథానికీ చక్రాలకూ 3 మినాలు అప్పు. ఇక్కడా నెలాఖరే భయం, ఆ రోజుకు వడ్డీ కట్టాలి. అప్పులవాళ్లను ఎగ్గొట్టే వాదం నేర్పే బడి ఒకటుందని తండ్రి విని, ముందు తానే చేరాడు. బుర్రకెక్కలేదు. కొడుకును బతిమాలి పంపాడు. కొడుక్కి బాగా ఎక్కింది. నెలాఖరు రోజుకు ఎథెన్స్ వాళ్లు పెట్టుకున్న పేరులో పాతా కొత్తా రెండూ ఉన్నాయి కాబట్టి, ఒక రోజు రెండు రోజులు కాలేదు కాబట్టి, అప్పులవాళ్ల దావాలు చెల్లవని వాదించాడు. తండ్రి మురిసిపోయాడు. ఆ రాత్రి భోజనం దగ్గర మాటా మాటా పెరిగి కొడుకు తండ్రిని కొట్టాడు. కొట్టడం న్యాయమేనని అదే వాదంతో నిరూపించాడు. అమ్మను కూడా కొట్టవచ్చని నిరూపిస్తానన్నాడు. అప్పుడు గాని తండ్రికి ఒళ్లు మండలేదు. పోయి ఆ బడికి నిప్పు పెట్టాడు.

సోక్రటీసును ఆ బడి పంతులుగా చూపించడం అన్యాయమని ఇరవై నాలుగు శతాబ్దాలుగా అందరూ అంటున్నారు, నేనూ అంటాను. ఇంటి సంగతిలో మాత్రం అరిస్టోఫనీస్ అబద్ధమాడలేదు. కొడుకును మోసం నేర్చుకోమని పంపింది తండ్రి. అప్పులవాళ్ల ముందు పనికొచ్చిన మోసం భోజనం బల్ల దగ్గర కూడా పనికొచ్చింది. తగలబడింది మాత్రం బడి. ఇంటి తప్పుకు బడిని తగలబెట్టడం, ఇంటి కోపాన్ని బడి చేత తీర్పించుకోవడం, రెండూ ఒక్కలాంటివే.

స్పార్టాలో ఈ గొడవ లేదు. అక్కడ ఏడేళ్లు నిండగానే పిల్లాడు ఇంటివాడు కాడు, మందలో ఒకడు. కడుపు నిండా తిండి పెట్టకుండా, కావలసింది దొంగిలించుకోమనేవాళ్లు. పట్టుబడితే కొరడా దెబ్బలు. ఆ దెబ్బలు దొంగతనానికి కాదు, చేతకానితనానికి అని జెనొఫోన్ అనే గ్రీకు రచయిత వివరించాడు. దొంగిలించిన నక్కపిల్లను పైబట్ట కింద దాచి, అది కడుపు చీల్చేస్తున్నా బయటపడకుండా నిలబడి చచ్చిపోయిన కుర్రవాడి కథ ప్లూటార్క్ రాశాడు. మన పాఠ్యపుస్తకాల్లో స్పార్టా అంటే ధైర్యం. ఆ కుర్రవాడికి ఒక తల్లి ఉందన్న సంగతి ఏ పుస్తకమూ గుర్తు చేయదు.

మళ్లీ లాంప్రిస్కోస్ బడికి వద్దాం. పంతులు ముగ్గురు కుర్రాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు. కొట్టలోస్‌ను భుజాన ఎత్తి పట్టుకోవాలి, అదీ వాళ్ల పని. ఎద్దు తోకతో చేసిన కొరడా తెమ్మంటాడు. పిల్లాడు వణికిపోతూ గడ్డం పట్టుకుని బతిమాలతాడు. కరుకు కొరడా వద్దు, ఇంకోదానితో కొట్టమంటాడు. మళ్లీ చేయనంటాడు. దెబ్బలు పడుతుంటాయి. వీపు మీద చారలు తేలుతుంటాయి. తల్లి సూర్యుడు కుంకేదాకా ఆపొద్దంటుంది. చివరికి ఇంటికి పోయి, ముసలాయనకు చెప్పి, కాళ్లకు వేసే సంకెల తెస్తానని బయల్దేరుతుంది. రెండు కాళ్లూ కలిపి కట్టేస్తే, వాడు అసహ్యించుకున్న చదువుల దేవతలే వాడు గెంతడం చూస్తారట. నాటిక అక్కడ అయిపోతుంది. ఆ కాలం వాళ్లు దీన్ని హాస్యంగా రాసుకున్నారు. మా తాతగారి తరం వీధిబడుల్లో కూడా కోదండం ఉండేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడాలి. బొండకొయ్యలో కాళ్లు బిగించే శిక్షా ఉండేది. వాటి గురించి చెప్పుకున్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా నవ్వేవాళ్లు. నాకు ఆ నవ్వు ఎప్పుడూ రాలేదు.

నాటికలో తల్లి అన్నీ లెక్కపెట్టింది. నాణేలు, పెంకులు, మైనం, జీతం, అవ్వ దగ్గర గుంజుకున్నది, సెలవులు. ఆ లెక్కలో ఒక అంకె మాత్రం లేదు. ఆ చావిడిలో నీకేం దొరికిందిరా, ఇంట్లో లేనిది అక్కడేముంది అని ఎవరూ అడగలేదు. మూటలు మోసేవాళ్ల మధ్య, పారిపోయిన బానిసల మధ్య బడి పిల్లాడు రోజంతా కూర్చుంటున్నాడంటే, వాడు ఎవరికి ఎంత బాకీ పడ్డాడో, ఎవరు బెదిరించి డబ్బు తెప్పించుకుంటున్నారో కనుక్కోవలసిన అవసరం పంతులికీ తోచలేదు. బడిలో ఉన్నన్నాళ్లూ నేను చూసింది ఇదే. ఇంట్లో డబ్బు తీసే పిల్లాడి వెనక చాలాసార్లు పెద్దపిల్లాడో పెద్దమనిషో ఉంటాడు. దెబ్బ పడితే పిల్లాడు ఆ పేరు ఇంకా లోపలికి మింగేస్తాడు.

ఈజిప్టు ఇసుకలోంచి నిజమైన పిల్లాడి మాట కూడా ఒకటి దొరికింది. గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు పండితులు ఆక్సిరింఖస్ అనే ఊరి చెత్తదిబ్బల్ని తవ్వి, దొరికిన పపైరస్‌ల మొదటి సంపుటం 1898లో వేశారు. అందులో 119వది థియోన్ అనే పిల్లవాడు అదే పేరున్న తండ్రికి రాసిన గ్రీకు ఉత్తరం. క్రీ.శ. 2 లేదా 3వ శతాబ్దానిది. నిండా అక్షరదోషాలు. తండ్రి వాణ్ణి తీసుకెళ్లకుండా అలెగ్జాండ్రియా వెళ్లిపోయాడు. నన్ను తీసుకెళ్లకపోతే నీకు ఉత్తరం రాయను, నీతో మాట్లాడను, తిండి తినను, నీళ్లు తాగనని బెదిరిస్తాడు. ఒక వీణ పంపమని బేరమాడతాడు. వాణ్ణి భరించలేకపోతున్నాను, తీసుకుపొమ్మని తల్లి ఒకాయనతో అన్న మాట కూడా ఉత్తరంలో రాసేశాడు. ఈ ఉత్తరం గురించి రాసినవాళ్లు చాలామంది దాన్ని మొండి పిల్లాడి అల్లరిగానే చూశారు. కానీ మధ్యలో ఒక మాట ఉంది. నువ్వు పడవెక్కిన రోజు, పన్నెండో తారీఖున, మమ్మల్ని మోసం చేశారని. అంటే పెద్దవాళ్లు పిల్లాడికి ఏదో కల్లబొల్లి చెప్పి, తండ్రిని పంపించేశారు. వాడి బెదిరింపులన్నీ ఆ అబద్ధం తర్వాత వచ్చినవి.

రెండోది ఇంకా బరువైన ఉత్తరం. బెర్లిన్‌లో ఉంది, క్రీ.శ. 2వ శతాబ్దానిది. ఆంతోనియోస్ లోంగోస్ అనే కొడుకు తల్లి నీలూస్‌కు గ్రీకులో రాశాడు. కరానిస్ అనే ఊరికి రావడానికి సిగ్గుగా ఉంది, ఒంటి మీద మురికి గుడ్డలున్నాయి అంటాడు. బట్టల్లేవని ఇంతకు ముందే రాశానంటాడు. నాతో రాజీపడమని బతిమాలతాడు. నాకు తగిన శాస్తి జరిగింది, తప్పు చేశానని నాకు తెలుసు అంటాడు. పోస్తుమోస్ అనే మనిషి తల్లిని కలిసి, సమయం కాని సమయంలో అన్నీ చెప్పేశాడని బాధపడతాడు. ఎవరికైనా ఒక్క ఒబొల్ నాణెం ఇంకా బాకీ ఉన్నానని తెలియడం కంటే కుంటివాణ్ణి కావడం మేలంటాడు. ఆ బాకీలేమిటో, ఆ తప్పేమిటో ఉత్తరంలో లేదు. చివర చిరిగిపోయింది. తల్లి క్షమించిందో లేదో చెప్పే కాగితం లేదు.

కొట్టలోస్ పెద్దవాడై ఉంటే అతనూ ఇలాగే రాసి ఉండేవాడని నేననను, కొట్టలోస్ కవి కల్పన. లోంగోస్ మాత్రం నిజమైన మనిషి, నిజమైన తల్లికి రాశాడు. అతని సిగ్గు ఏ కొరడా తెచ్చింది కాదు. అమ్మకు తెలిసిపోయిందన్న ఒక్క సంగతే దాన్ని తెచ్చింది. ఎద్దుతోక కొరడా చేసిన పని ఏమిటని నన్నడిగితే, ఏమీ లేదనే నా తీర్పు. తల్లి సంకెల కోసం ఇంటికి పోవలసి రావడమే దానికి సాక్ష్యం.

ఆ కొరడాకు చట్టం అడ్డుపడింది ఇటీవలే. గ్రీసు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల్ని కొట్టడం 1998లో నిషేధించారు, ఉన్నత పాఠశాలల్లో 2005లో. ఇంట్లో తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా 2006లో చేసిన 3500 నంబరు చట్టం నిషేధించింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బల్ని నిషేధించింది. ఇంట్లో దెబ్బల్ని నిషేధించే చట్టం మనకు ఇప్పటికీ లేదు.